దురద చూడలేని మనిషి

తెనాలిలో మా చెల్లెలి కాన్పు కోసం వెళ్లి మూడు వారాల తర్వాత హైదరాబాదు తిరిగొచ్చాను. మా కుక్క జావాకు స్నానం చేయించే మందు షాంపూ అయిపోయిందని మా ఆయన చెప్పడంతో, ఆ సాయంత్రమే అమీర్‌పేట సందులో ఉన్న మెడికల్ షాపుకు నడిచాను. షట్టరు దించి ఉంది. దానికి అడ్డంగా ఒక ఫ్లెక్సీ కట్టారు. శ్రద్ధాంజలి అన్న మాట కింద ఎవరో సన్నటి మనిషి ఫొటో. లోతుకు పోయిన బుగ్గలు, పైకి తేలిన దవడ ఎముకలు, నూనె రాసి పక్కకు దువ్విన జుట్టు. షాపాయనకు తమ్ముడున్న సంగతి నాకు తెలియదు. పాపం, తమ్ముడు పోయినట్టున్నాడు, అందుకే మూశాడు అనుకున్నాను.

పక్కనున్న జిరాక్స్ షాపు భాయ్‌ని అడిగాను, మళ్లీ ఎప్పుడు తెరుస్తారని. ఆయన చేతిలోని కాగితాలు మిషను మీద పెట్టి నా ముఖంలోకి చూశాడు.

"అన్ననే పోయిండు మేడం. గా ఫొటోల ఉన్నది అన్ననే. పెండ్లప్పటి ఫొటో అంట."

మళ్లీ ఫ్లెక్సీ వైపు తిరిగాను. ఆరేళ్లుగా దాదాపు రోజూ చూసిన మనిషిని నేను గుర్తుపట్టలేకపోయాను. షాపు మెట్టు మీదే కూర్చుండిపోయాను. భాయ్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఏం జరిగిందని అడిగాను. పన్నెండు రోజులైందట. రెండు రోజులు జ్వరం, వాంతులు. మూడో రోజు పొద్దున స్నానానికి లేచి అక్కడే కూలిపోయాడట. పెద్దాసుపత్రికి చేర్చేలోపే అయిపోయిందట.

అన్నా అని నేను పిలిచే షాపాయన ముఖం అది కాదు. నిండు పళ్లెంలాంటి గుండ్రటి ముఖం, ఎప్పుడూ ఎర్రగా మెరిసే బుగ్గలు. షాపుకొచ్చిన ముసలమ్మలు "నీ మొఖంల లక్ష్మి ఉన్నది బిడ్డా" అని దీవించేవారు. ఆ ముఖం కింద ముందుకు తన్నుకొచ్చిన పొట్ట, పొట్ట కింద ఆశ్చర్యంగా పుల్లల్లాంటి కాళ్లు. నడి వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసి, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకునేవాడు. కౌంటరు లోపల కుర్చీ ఉండేది కాదు. కూర్చున్న షాపాయన దగ్గరికి గిరాకీ రాదని ఆయన నమ్మకం. పొద్దున ఎనిమిదింటి నుంచి నిలబడే ఉండేవాడు. పక్కన రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి ఎప్పుడూ సగం ఖాళీగా ఉండేది. ఇంకో పక్క పొట్లంలో మిర్చి బజ్జీలో బిస్కెట్లో ఏవో ఉండాల్సిందే. మాత్రను కౌంటరు గాజు మీద పెట్టి బ్లేడుతో ఒక్క నొక్కు నొక్కితే సరిగ్గా రెండు సగాలయ్యేది, పొడి కూడా రాలేది కాదు. ఆ సగాలను తెల్ల కాగితంలో పెట్టి, ఒక్క చేత్తోనే పొట్లం మడిచి ఇచ్చేవాడు. దాని మీద మందు పేరు రాయడం నేనెప్పుడూ చూడలేదు.

మాకు జావా దొరికిన కథ చిన్నదే. మధురానగర్‌లో మా ఎదురింటి పై అంతస్తు హాస్టల్లో కోచింగ్ పిల్లలుండేవారు. వాళ్లు ఎక్కడి నుంచో ఒక కుక్కపిల్లను తెచ్చి, తాము నేర్చుకుంటున్న కోర్సు పేరే దానికి పెట్టుకున్నారు. కోర్సు అయిపోయింది, వాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోయారు, జావా మా గేటు దగ్గర మిగిలాడు. రెండేళ్లు బాగానే ఉన్నాడు. మూడో ఏట దురద మొదలైంది. పాదాలు నాకి నాకి తెల్ల వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. పొట్ట కింద ఎర్రగా కందిపోయేది. చెవులు సోఫాకేసి రుద్దుకునేవాడు. వేపనూనె రాశాను, కొబ్బరినూనె రాశాను, పసుపు, పెరుగు, ఎవరేది చెబితే అది. ఏదీ పనిచేయలేదు.

ఒకరోజు మా ఆయన బీపీ మాత్రల కోసం వెళ్తూ జావాను వెంట తీసుకెళ్లాను. షాపు మెట్టు దగ్గర వాడు కూలబడి వెనక కాలితో మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. ఆగడంలేదు. మెడలోని బిళ్ల గలగలమంటోంది. అన్న మాత్రలు లెక్కపెడుతున్నవాడు మధ్యలో ఆపేశాడు. ముఖం మారిపోయింది. కౌంటరు పలక ఎత్తి బయటికొచ్చి, జావా పక్కన గొంతుక్కూర్చుని, చెవి మడత తిప్పి వాసన చూశాడు. పులిసిన పిండి వాసన వస్తోందన్నాడు.

"నొప్పి ఓర్చుకోవచ్చు చెల్లె. దురద ఓర్వరాదు. గీ చప్పుడు బందు కావాలె ముందు."

తర్వాత ఎప్పుడో మాటల్లో చెప్పాడు. వాళ్లది మగ్గాల ఊరు. తండ్రి నూలుకు రంగులద్దేవాడు. ఆ రంగుల వల్ల చేతులు పగిలి, మోచేతుల దాకా దురద. అన్నం తింటూ గోక్కునేవాడట, మగ్గం ముందు కూర్చుని గోక్కునేవాడట, నెత్తురొచ్చినా ఆపలేకపోయేవాడట. ఒకటే గది ఇల్లు. ఆ బరబర చప్పుడు వినలేక, చిన్నప్పుడు తను చెవుల్లో దూది పెట్టుకుని చదువుకున్నానని అన్న చెప్పాడు. చెబుతున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఆ చేతులు మాత్రం కౌంటరు గాజును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాయి, తుడవాల్సిందేమీ లేకపోయినా.

ఆ రోజు ఇచ్చిన తెల్ల పొట్లంలోని అరమాత్ర రాత్రి అన్నంలో కలిపి పెట్టాను. మర్నాడు జావా మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. గోక్కోలేదు. నాలుగు నెలల తర్వాత మా ఇంట్లో మొదటిసారి ఆ బిళ్ల చప్పుడు లేదు. నేను స్వీటు డబ్బా పట్టుకెళ్లి అన్నకిచ్చాను. ఆయన నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. అప్పటి నుంచి మధురానగర్‌లో ఎవరి కుక్క గోక్కున్నా నేనే ఆయన దగ్గరికి పంపేదాన్ని. సాయంత్రాలు షాపు మెట్టు దగ్గర రెండు మూడు కుక్కలు ఉండేవి. అన్న ప్రతి దాని ముందూ గొంతుక్కూర్చునేవాడు, చెవి వాసన చూసేవాడు, పొట్లం మడిచేవాడు.

ఏడాది దాటింది. మాత్ర ఆపితే నాలుగో రోజుకు దురద రెట్టింపుగా వచ్చేది, మళ్లీ మొదలుపెట్టేదాన్ని. జావా మనిషి మారిపోయాడు. అవును, మనిషనే అంటాను. గిన్నెల కొద్దీ నీళ్లు తాగేవాడు. ఏనాడూ ఇంట్లో పాడుచేయనివాడు హాల్లోనే పోసేసేవాడు. ఎంత పెట్టినా ఆకలే. పొట్ట సంచిలా వేలాడింది, నడుం దగ్గర వెంట్రుకలు పల్చబడ్డాయి. అన్నకు చెబితే ఒంటికి బలమొచ్చిందని, ఫికర్ చెయ్యొద్దని అన్నాడు. పొట్ట మీద నల్లటి చుక్కలు, చీము పొక్కులు కనిపించాక మాత్రం మా ఆయన ఊరుకోలేదు. పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ కుక్కల చర్మం బాగా చూస్తుందని ఆఫీసులో ఎవరో చెబితే తీసుకెళ్లాం.

డాక్టరమ్మ చిన్న వయసుది. జావా చర్మం మీద టేపు ముక్క అతికించి తీసి సూక్ష్మదర్శినిలో చూసింది. చర్మాన్ని రెండు వేళ్లతో పైకెత్తి వదిలింది. అది కాగితంలా ముడతపడి అలాగే ఉండిపోయింది. ఏం మాత్రలు వేస్తున్నారని అడిగింది. నా బ్యాగులోంచి తెల్ల పొట్లం తీసిచ్చాను. ఆమె సగం మాత్రను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, ఎన్నాళ్లుగా అంది. పద్నాలుగు నెలలన్నాను. ఆమె మాత్రను మళ్లీ పొట్లంలో పెట్టి నాకిచ్చేసింది.

అది స్టెరాయిడ్ అని చెప్పింది. నాలుగు రోజులు అవసరానికి వాడితే మంచి మందేనట. నెలల తరబడి వాడితే ఒంట్లో దానంతటదే ఊరాల్సిన హార్మోను ఊరడం మానేస్తుందట. పొట్ట వేలాడుతుంది, కండ కరుగుతుంది, చర్మం పల్చబడుతుంది, దాని మీద బూజూ చీమూ పెరుగుతాయి. ఇప్పుడు ఒక్కసారిగా ఆపినా ప్రాణం మీదికొస్తుంది, వారం వారం తగ్గించుకుంటూ రావాలి అంది. ఎలర్జీ అనేది పోయే జబ్బు కాదని, అదుపులో పెట్టుకునేదని, ఓపిక కావాలని చెబుతూ కాగితం మీద రాస్తోంది. నేను ఊరికే, మనుషులకు కూడా ఇలాగే అవుతుందా అని అడిగాను.

ఆమె తలెత్తకుండానే చెప్పింది. మనుషులకైతే ముఖం చందమామలా గుండ్రంగా ఉబ్బుతుంది. బుగ్గలు ఎర్రబడతాయి. పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడతాయి. ఊరికే తగిలినా నీలం మచ్చలు పడతాయి. ఆకలి, దాహం.

ఆమె మాట్లాడుతున్నది ఎవరి గురించో నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

పంజాగుట్ట నుంచి తిన్నగా షాపుకే వెళ్లాను. గిరాకీ లేదు. పొట్లం కౌంటరు మీద పెట్టాను.

"అన్నా, ఈ మాత్ర మీరు కూడా వేసుకుంటున్నారా?"

ఆయన పొట్లం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎడమ చేతి బొత్తాం విప్పి చొక్కా మోచేతి దాకా మడిచాడు. చర్మం ఉల్లిపొరలా ఉంది. మణికట్టు నుంచి పైదాకా నీలం, ఊదా రంగు మచ్చలు. చేయి మళ్లీ కప్పుకుని, తొమ్మిదేళ్లుగా అని చెప్పాడు. కీళ్లవాతం. పడక మీంచి లేవలేని రోజుల్లో ఏ డాక్టరో పది రోజులకు రాసిచ్చాడట. పదకొండో రోజు నుంచి తనే వేసుకుంటున్నాడు. ఆపాలని చూసినప్పుడల్లా పక్షవాతం వచ్చినవాడిలా అయిపోయేవాడట. ఈ మాత్రే తనను కౌంటరు వెనక నిలబెడుతోందని చెప్పాడు. ఇంట్లో వాళ్లకు తెలియదట.

నాకు కోపం ఆగలేదు. "ఇంత తెలిసి జావాకెందుకిచ్చారు?"

ఆయన గుడ్డ తీసి కౌంటరు గాజు తుడవడం మొదలుపెట్టాడు.

"అది గోక్కుంటుంటే చూడలేకపోయిన చెల్లె," అన్నాడు.

పది రోజులు ఆ సందులోకే పోలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం మా గేటు చప్పుడైంది. అన్న. షాపు వదిలి పగటిపూట బయటికి రావడం అంతకుముందు నేను చూడలేదు. చేతిలో డాక్టరమ్మ రాసిన షాంపూ సీసా ఉంది. ఎక్కడా దొరకడంలేదని మా ఆయన జిరాక్స్ భాయ్‌తో అన్నాడట, అది ఈయన చెవిన పడి కోఠీ దాకా వెళ్లి తెచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. జావాను చూసి, తల నిమిరి, డాక్టరమ్మ కాగితం ఒకసారి ఇవ్వమన్నాడు. కుక్కలతో వచ్చేవాళ్లకు చూపిస్తానన్నాడు. జిరాక్స్ తీయించుకుని, అసలు కాగితం గంటలో తిరిగి తెచ్చిచ్చాడు.

ఆ తర్వాత నిజంగానే మారాడు. కుక్కను తీసుకుని ఎవరొచ్చినా మాత్ర ఇవ్వలేదు, పంజాగుట్ట దారి చెప్పి పంపాడు. కొందరు విసుక్కుని వేరే షాపుకు పోయారు. జావా సంగతి మాత్రం రోజూ కావాలి ఆయనకు. వారానికి రెండుసార్లు స్నానం, షాంపూ నురుగు పది నిమిషాలు ఒంటి మీదే ఉంచాలి. బయటికెళ్లి వచ్చినప్పుడల్లా పాదాలు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. గోమార్లు పట్టకుండా నెలనెలా మందు. ఎనిమిది వారాలు చేప, చిలగడదుంప తప్ప మరేమీ పెట్టకూడదు. ఒక్క బిస్కెట్టు పెట్టినా మళ్లీ మొదటి నుంచి లెక్క. ఆఫీసుకు ఎర్రమంజిల్ వెళ్తూ షాపు ముందు ఆగితే చాలు, పది నిమిషాలు ఉంచినవా, దుంప తింటున్నదా, ఎన్నోవారం అని ప్రశ్నలు. మాత్ర తగ్గించిన మొదట్లో జావా నీరసంగా పడి ఉన్నాడంటే ఆయన ఆ రోజు భోజనం చేయలేదని భాయ్ చెప్పాడు. వారాలు గడిచాక కోడిమాంసం పెట్టి చూస్తే మూడోరోజుకు పాదాలు నాకడం మొదలైంది. ఒక శత్రువు దొరికాడు. ఆ మాట చెప్పినప్పుడు అన్న కౌంటరు మీద అరచేత్తో కొట్టి నవ్వాడు.

నెమ్మదిగా జావా నడుం మీద కొత్త వెంట్రుకలు వచ్చాయి. ఒక సాయంత్రం వాటిని వేళ్లతో తడిమి చూస్తూ, తను కూడా డాక్టరుకు చూపించుకున్నానని అన్న చెప్పాడు.

"తగ్గియ్యమన్నడు చెల్లె. తగ్గిస్తున్న."

నాకెంత సంతోషమైందో. షాపులో ప్లాస్టిక్ స్టూలు వచ్చింది, అప్పుడప్పుడూ కూర్చుంటున్నాడు. మంచి మార్పే అనుకున్నాను. తెనాలి వెళ్లేముందు చూసినప్పుడు నుదురంతా చెమట, కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఏంటన్నా అలా ఉన్నారని అడిగాను. మాత్ర తగ్గుతుంటే అట్లనే ఉంటుందని, జావాకు సుత ఉండె కదా అని నవ్వాడు. నేనూ నవ్వేసి బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయాను.

ఫ్లెక్సీ చూసిన మూడో రోజు భాయ్‌ని అడ్రసు అడిగి బోరబండలో వాళ్లింటికి వెళ్లాను. వదిన బ్లౌజులు కుడుతుంది. ముందు గదిలో మిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. నేనెవరో చెప్పగానే ఆమె గుర్తుపట్టింది. ఆయన చెబుతుండేవాడట, మధురానగర్ చెల్లె అని. కాసేపు కూర్చున్నాక లేచి లోపలి నుంచి ఒక మడత కాగితం తెచ్చింది.

"నీకు ఇంగ్లీషొస్తది కద చెల్లె. గిది ఆయన అంగి జేబుల దొరికింది. పానం పోయినంక ఒళ్లు చూసి, ఏదన్న మందు వాడి తగ్గించిండా అని దవాఖానల డాక్టర్ అడిగిండు. మాకెవలికీ తెల్వలె. గీండ్ల జావా అని పేరున్నదట, మా ఆడిబిడ్డ గదొక్కటే చదవగలిగింది. గాయన సుత గిదే మందు తగ్గించుకున్నడు గావచ్చు. గాయనెట్లున్నడో జర కనుక్కుంటవా?"

కాగితం విప్పాను. డాక్టరమ్మ దస్తూరీ. ఏ వారం ఎంత మాత్ర, ఏ వారం ఒకరోజు విడిచి ఒకరోజు, అన్నీ వరసగా. పైన జావా బరువు ఇరవై నాలుగు కిలోలని ఉంది. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన డెబ్భై రెండు అని రాశాడు అన్న. ప్రతి వారం పక్కనా దానికి మూడింతలు లెక్కవేసి రాసుకున్నాడు. వేసుకున్న రోజుల ముందు టిక్కులు. ఏడో వారం మధ్యలో టిక్కులు ఆగిపోయాయి.

ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. పద్నాలుగు నెలలు వాడిన కుక్కకు రాసిన లెక్కతో, తొమ్మిదేళ్లు వాడిన మనిషి తన మాత్ర తగ్గించుకోబోయాడు. ఆ కాగితం ఆయన చేతికిచ్చింది నేను. బాగున్నాడు అని ఒక్క మాట అనేసి లేచిపోవచ్చు. ఆమె ఎన్నటికీ ఎవరినీ అడగదు. కానీ ఆమె నా ముఖం వంకే చూస్తోంది.

"వదినా, జావా అంటే మనిషి కాదు. మా కుక్క."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, చదవలేని ఆ అక్షరాల వైపు చూసింది. నేను మొత్తం చెప్పాను. పొట్లం నుంచి మొదలుపెట్టి జిరాక్స్ దాకా, ఏదీ దాచకుండా. ఆయన వేసుకుంటున్నాడని నాకు తెలిసీ ఇంటికొచ్చి చెప్పలేదని కూడా చెప్పాను. తొమ్మిదేళ్లా అని ఆమె ఒక్కసారి అడిగింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. మిషను మీది జాకెట్టు తీసి మడిచింది, మళ్లీ విప్పింది, మళ్లీ మడిచింది.

"అది బతికున్నదా?" అంది చివరికి.

ఉందన్నాను.

"ఒకపారి తోల్కరా. చూస్త."

ఆదివారం ఆటోలో జావాను తీసుకెళ్లాను. ఎందుకు రమ్మందో తెలియక దారి పొడుగునా భయపడ్డాను. వదిన గుమ్మంలోనే కింద కూర్చుని ఉంది. వాడు ఆమె చేతులు వాసన చూసి, డాక్టరమ్మ బల్ల మీద అలవాటైనట్టే వెల్లకిలా పడుకున్నాడు. ఆమె వెంట్రుకలను వేళ్లతో రెండు పాయలుగా విడదీసి అడుగున చర్మం చూసింది. నడుం చూసింది, పాదాలు చూసింది, చెవి మడత తిప్పి చూసింది. వెంట్రుకలు ఇట్లా మొత్తం రావడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగింది. ఆరు నెలలన్నాను.

"గన్ని దినాలు ఆగెటోడు కాదాయన," అంది.

పొట్ట మీద ఆమె వేళ్లు ఆడుతుంటే జావా వెనక కాలు గాల్లో టపటపా కొట్టుకోసాగింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. దురద పెడుతోందా అని కంగారుగా నా వైపు చూసింది.

"దురద కాదు వదినా. హాయిగా ఉంటే అలా ఆడిస్తాడు," అన్నాను.

ఆమె కాసేపు వాడినే చూసి, మళ్లీ పొట్ట మీద చెయ్యి పెట్టింది.